ఇంటెడు చాకిరీ చేసే గెట్

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళు పెద్ద మాట కనబడితే ఆగుతారు. ‘అంబిగ్యువస్’, ‘మెటిక్యులస్’ లాంటివాటి కింద ఎర్ర గీత గీసి, నోట్సులోకి ఎక్కించి, అర్థం వల్లె వేస్తారు. గెట్ దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. చిన్నప్పుడే వచ్చేసిన మాట కదా, ఇంకేముంది అనుకుంటారు. తీరా ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నప్పుడో, అమెరికా క్లయింటుతో ఫోనులో మాట్లాడుతున్నప్పుడో ముప్పుతిప్పలు పెట్టేది ఆ చిన్న మాటే. అవతలి మనిషి వాక్యానికొకటి చొప్పున గెట్‌లు విసురుతుంటాడు. మనమేమో ‘రిసీవ్డ్’, ‘అబ్టెయిన్డ్’, ‘బికేమ్’ అంటూ అర్జీల భాషలో జవాబు చెబుతుంటాం. వ్యాకరణంలో తప్పుండదు, మాట మాత్రం అతకదు.

ఉమ్మడి కుటుంబంలో ఇంటెడు చాకిరీ చేసే మనిషిని ఎవరూ ప్రత్యేకంగా పలకరించరు. ఇంగ్లీషులో గెట్ స్థానం అదే. ఈ అధ్యాయంలో ఆ ఒక్క మాటనే కూర్చోబెట్టి మాట్లాడదాం.

ముందు నిఘంటువు సంగతి. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో గెట్ తీసి చూడండి. పొందు, సంపాదించు, చేరు, అగు, తెచ్చు అని వరసగా ఉంటాయి. ఒక్కటీ తప్పు కాదు. కానీ ఆ వరస వల్లె వేసినవాడు ‘ఐ గాట్ ఎ ఫీవర్’ అన్న వాక్యం ముందు నిలబడితే ‘నేను జ్వరమును పొందితిని’ అని అనువదించుకోవాలి. మన ఇళ్ళలో ఎవరూ జ్వరాన్ని పొందరు. జ్వరం వస్తుంది.

పెద్ద నిఘంటువులకు వెళితే భయం పెరుగుతుందే కానీ తగ్గదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989 ముద్రణలో ‘సెట్’ అన్న మాటకు 430 అర్థాలు లెక్కతేలాయి. తరవాత సవరణ మొదలైనప్పుడు ‘రన్’ అన్న క్రియ ఒక్కదానికే 645 వచ్చాయి. ఆ పని చేసిన సంపాదకుడు పీటర్ గిలివర్‌కు తొమ్మిది నెలలు పట్టింది. గెట్ కూడా ఆ కోవలోదే. ఇంగ్లీషువాళ్ళు మాత్రం ఇన్ని అర్థాలు కంఠస్థం చేసి మాట్లాడుతున్నారా? లేదు. మన ‘పట్టు’నే చూడండి. నిద్ర పట్టింది, చెమట పట్టింది, తుప్పు పట్టింది, గంట పట్టింది, జలుబు పట్టింది, పిచ్చి పట్టింది, పోలీసులు దొంగను పట్టుకున్నారు. మనలో ఒక్కరైనా ‘పట్టు’ అర్థాలను బట్టీ పట్టారా? పక్కన ఏ మాట ఉందో దాన్నిబట్టి అదే తెలిసిపోతుంది. నిద్రకూ తుప్పుకూ ఒకే క్రియ ఎందుకొచ్చిందని ఏ పిల్లాడూ అమ్మను నిలదీయడు.

బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ అనే ఆచార్యుడు ఈ సంగతినే కంప్యూటర్‌తో తేల్చాడు. లక్షల కొద్దీ వాక్యాలను యంత్రంలోకి ఎక్కించి, వాటి ఆధారంగా ఆయన బృందం 1987లో కోబిల్డ్ నిఘంటువు తెచ్చింది. మరీ ఎక్కువగా వాడే మాటలకు సొంత అర్థం పలచబడుతుందని, వాటి బలమంతా పక్కమాటలతో కుదిరే పొందికలోనే ఉంటుందని ఆయన చెప్పాడు. అంతకు చాలా ముందే ఎ.ఎస్. హార్న్‌బీ జపానులో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ ఇదే దారి పట్టాడు. 1942లో టోక్యోలో అచ్చయిన ఆయన నిఘంటువు క్రియలను 25 అచ్చుల్లోకి సర్దింది. ఫలానా క్రియ వెనక నామవాచకం వస్తుందా, విశేషణం వస్తుందా, ‘టు’ వస్తుందా అన్నది ఆయన లెక్క. ఇవాళ మన పిల్లల బల్లల మీద ఉండే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలపురుషుడు ఆయనే.

కాబట్టి గెట్‌ను అర్థాలుగా నేర్చుకోవద్దు. పొందికలుగా నేర్చుకోండి. ఇందులో తెలుగువాళ్ళకు ఒక సదుపాయం ఉంది. గెట్ చేసే ముఖ్యమైన పనులు మూడింటికీ మన భాషలో ముందే గూళ్ళు ఉన్నాయి. వాటిని మనం గుర్తుపట్టకపోవడమే చిక్కు.

నాకు వచ్చింది

తెలుగులో మనిషి తన బతుకులో జరిగేవాటికి కర్తగా నిలబడడు. ఒక పక్కన ‘నాకు’ అని కూర్చుంటాడు. ఉద్యోగం వచ్చింది, ఉత్తరం వచ్చింది, కోపం వచ్చింది, సీటు దొరికింది, అర్థమైంది, ఆకలేసింది: అన్నీ ‘నాకు’. ఇంగ్లీషుకు ఈ పద్ధతి రుచించదు. మనిషిని లాక్కొచ్చి వాక్యం మొదట నిలబెడుతుంది. అలా నిలబెట్టడానికి అది వాడే పనిముట్టే గెట్.

నాకు ఉద్యోగం వచ్చింది: ‘ఐ గాట్ ఎ జాబ్’. నాకు కోపం వచ్చింది: ‘ఐ గాట్ యాంగ్రీ’. మీ మెసేజ్ నాకు అందింది: ‘ఐ గాట్ యువర్ మెసేజ్’. ఆకలేసింది: ‘ఐ గాట్ హంగ్రీ’. అర్థమైంది: ‘గాట్ ఇట్’. ఇక్కడ ‘పొందు’, ‘అగు’, ‘గ్రహించు’ అని మూడు అర్థాలు కనిపిస్తాయి నిఘంటువుకారుడికి. తెలుగు మనిషికి కనిపించాల్సింది ఒక్కటే: ‘నాకు’ను ‘ఐ’గా మార్చి, వచ్చినదాన్ని గెట్ వెనక పెట్టడం.

అయితే ఈ తాళం అన్ని గదులకూ పట్టదు. కల వచ్చింది కదా అని ‘ఐ గాట్ ఎ డ్రీమ్’ అంటారు మనవాళ్ళు. ఇంగ్లీషులో కల రాదు, ఉంటుంది: ‘ఐ హాడ్ ఎ డ్రీమ్’. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది అన్నప్పుడు ‘ఐ ఫెల్ట్ లైక్ క్రయింగ్’, ‘ఐ ఫెల్ట్ లైక్ లాఫింగ్’ అనాలి. క్లాసులో డౌట్ వచ్చిందని ‘ఐ గాట్ ఎ డౌట్’ అనడం మన దగ్గర ఎంత మామూలో చెప్పనక్కర్లేదు. అమెరికా ఆచార్యుడి ముందు అదే మాటంటే తన మాట మీద నమ్మకం లేదంటున్నారేమో అని ఆయన అనుకునే ప్రమాదం ఉంది. అక్కడ ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ చాలు. ‘నాకు తెలుగు వచ్చు’లోని ‘వచ్చు’కీ గెట్‌కీ సంబంధమే లేదు. అది ‘నో’ పరిధిలోది.

తడిసిపోయాను, దొరికిపోయాడు

రెండో గూడు నాకు అన్నిటికంటే ఇష్టం. వానలో తడిసిపోయాను. పని చేసి అలిసిపోయాను. జాతరలో పిల్లవాడు తప్పిపోయాడు. కాపీ కొడుతూ దొరికిపోయాడు. ఈ ‘పోవడం’ ఎక్కడికీ వెళ్ళడం కాదని మనకు తెలుసు. స్థితి మారిందని, మన చేతిలో లేకుండా మారిందని చెప్పడానికి దాన్ని చివర తగిలిస్తాం. ఇంగ్లీషు అదే పని గెట్‌తో చేయిస్తుంది: ‘ఐ గాట్ వెట్’, ‘ఐ గాట్ టైర్డ్’, ‘ద బాయ్ గాట్ లాస్ట్’, ‘హీ గాట్ కాట్’.

పాఠశాల వ్యాకరణం పాసివ్ వాయిస్ అంటే ‘వాజ్’, ‘వర్’ అని చెప్పి ఊరుకుంది. ‘హీ వాజ్ కాట్’ తప్పు కాదు, వార్తాపత్రికలో అదే సరి. కానీ పక్కింటివాళ్ళ అబ్బాయి సంగతి ముచ్చటించుకునేటప్పుడు ‘గాట్ కాట్’ అంటారు. అందులో ‘అయ్యో’ ఉంది. మంచి జరిగినా అంతే: ‘షీ గాట్ సెలెక్టెడ్’, ‘హీ గాట్ ప్రమోటెడ్’. ఏదో ఒకటి మనిషికి జరిగింది, అతడి మీద దాని ప్రభావం పడింది అన్న ధ్వని గెట్‌లో ఉంటుంది. అందుకే మనుషులతో ఇముడుతుంది, కట్టడాలతో ఇమడదు. చార్మినార్ 1591లో కట్టారని చెప్పాలంటే ‘వాజ్ బిల్ట్’ అనే అనాలి. ‘గాట్ బిల్ట్’ అంటే ఎవరూ చూడని వేళ అది దానంతటదే లేచి నిలబడిందేమో అనిపిస్తుంది.

ఇక్కడా ఒక హెచ్చరిక. పడిపోయాడు, వెళ్ళిపోయాడు, చనిపోయాడు అన్నవి ఈ గూటికి చెందవు. వాటికి ‘ఫెల్’, ‘లెఫ్ట్’, ‘డైడ్’ అని సొంత క్రియలున్నాయి. ఇక పెళ్ళి. ‘గాట్ మ్యారీడ్ విత్’ అని మన శుభలేఖల ఇంగ్లీషులో తరచూ దొర్లుతుంది. ‘విత్’ వద్దు, ‘టు’ కావాలి.

కుట్టించుకున్నాను

మూడోది తెలుగువాళ్ళు చేతిలో ఉంచుకుని వాడుకోనిది. మనకు ‘ఇంచు’ అని చక్కటి ప్రత్యయం ఉంది. చేయించాను, రాయించాను, కట్టించాను, బాగుచేయించాను. పని మనం చేయలేదు, ఇంకొకరి చేత జరిపించాం. తెలుగులో ఎంత జాగ్రత్తగా ఉంటామంటే, మేస్త్రీ కట్టిన ఇంటిని ‘కట్టాను’ అనం, ‘కట్టించాను’ అంటాం. ఇంగ్లీషులోకి రాగానే ఆ జాగ్రత్త ఎగిరిపోతుంది. ‘ఐ కట్ మై హెయిర్’, ‘ఐ రిపేర్డ్ మై బైక్’, ‘ఐ స్టిచ్డ్ ఎ బ్లౌజ్’ అనేస్తాం. వింటున్నవాళ్ళు మీరే కత్తెర పట్టుకున్నారని, స్పానరు తిప్పారని అనుకుంటారు.

‘ఐ గాట్ మై హెయిర్ కట్’. ‘ఐ గాట్ మై బైక్ రిపేర్డ్’. ‘షీ గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్’. వరస గమనించండి: గెట్, తరవాత వస్తువు, చివర జరిగిన పని. ‘ఇంచు’ను ఈ అచ్చులో పోస్తే చాలు. ఆఫీసులో దీనికి ఎదురులేదు. ‘ఐ విల్ డూ ఇట్’ అంటే నేను చేస్తాను. ‘ఐ విల్ గెట్ ఇట్ డన్’ అంటే ఎవరు చేసినా సరే, అయ్యేలా చూసే పూచీ నాది. మేనేజరు చెవికి రెండో వాక్యం ఎంత హాయిగా వినబడుతుందో వేరే చెప్పాలా?

మనిషి పేరు కూడా చెప్పదలిస్తే ఒక ‘టు’ చేరుతుంది: ‘ఐ గాట్ హిమ్ టు సైన్’. నచ్చజెప్పి, బతిమాలి, చుట్టూ తిరిగి సంతకం పెట్టించాను అని భావం. ‘ఐ మేడ్ హిమ్ సైన్’ అంటే మెడలు వంచి పెట్టించాను. ‘ఐ హాడ్ హిమ్ సైన్’ అంటే అది అతడి పనే, చెప్పాను, పెట్టాడు. తెలుగులో మూడూ ‘పెట్టించాను’లో కలిసిపోతాయి. ఇంగ్లీషులో క్రియ మారుతుంది, ‘టు’ గెట్‌కు మాత్రమే ఉంటుంది. తహసీల్దారు కార్యాలయంలో పని చేయించుకుని వచ్చినవాళ్ళకు గెట్ ఎందుకు సరిపోతుందో నేను విడమరచి చెప్పక్కర్లేదు.

‘టు’ అనగానే ఒక గోతి గుర్తొస్తోంది. ‘ఐ గాట్ టు మీట్ హిమ్’ అంటే ఆయన్ని కలిసే అవకాశం దక్కింది. ‘ఐ హావ్ గాట్ టు మీట్ హిమ్’ అంటే కలిసి తీరాలి, తప్పదు. మొదటిది అదృష్టం, రెండోది అవసరం. పైగా మాట్లాడేటప్పుడు ఆ ‘హావ్’ సగం మింగేస్తారు. అప్పుడు చుట్టూ ఉన్న వాక్యాలను పట్టుకునే గ్రహించాలి. జరిగిపోయిన కథ చెబుతున్నారా, జరగాల్సిన పని చెబుతున్నారా అన్నది చూస్తే దారి దొరుకుతుంది.

తోకలు

ఇంతవరకూ తెలుగు సాయపడింది. ఇక్కడి నుంచి పడదు. అప్, ఓవర్, బై, త్రూ లాంటి తోక తగిలితే గెట్ కొత్త మాట అయి కూర్చుంటుంది. 1930లో సి.కె. ఆగ్డెన్ అనే ఆయన ‘బేసిక్ ఇంగ్లిష్’ అని ఒక పద్ధతి ప్రకటించాడు. 850 మాటలు నేర్చుకుంటే చాలు, రోజువారీ పనులన్నీ నడుస్తాయన్నాడు. అందులో క్రియలు 18 మాత్రమే, గెట్ వాటిలో ఒకటి. 1943లో హార్వర్డ్‌లో మాట్లాడుతూ చర్చిల్ అంతటివాడు ఆ పద్ధతిని మెచ్చుకున్నాడు. అయినా అది నిలవలేదు. లెక్కలో ఉన్న మోసం ఈ తోకలే అని నా అభిప్రాయం. గెట్ ఒకటి, ఓవర్ ఒకటి అని రెండుగా లెక్కపెట్టవచ్చు, కానీ ‘గెట్ ఓవర్’ మూడో మాట. దాన్ని విడిగా నేర్చుకోవాల్సిందే.

అన్నీ వద్దు. కొన్నిటికి మన దగ్గర అచ్చమైన మాటలున్నాయి, వాటితో మొదలుపెట్టండి. ‘గెట్ బై’ అంటే నెట్టుకురావడం. జీతం తక్కువైనా ఎలాగో నెట్టుకొస్తున్నాం: ‘వియ్ గెట్ బై’. ‘గెట్ అలాంగ్’ అంటే పొసగడం. ఆ ఇద్దరికీ పొసగదు: ‘దే డోంట్ గెట్ అలాంగ్’. ‘గెట్ ఓవర్’ అంటే తేరుకోవడం. తండ్రి పోయిన దుఃఖం నుంచి ఇంకా తేరుకోలేదు అన్నా, జ్వరం నుంచి తేరుకున్నాడు అన్నా అదే. ‘గెట్ త్రూ’కి రెండున్నాయి: ఫోను కలవడం, కష్టం నుంచి గట్టెక్కడం. ‘గెట్ అవే విత్’ అంటే తప్పు చేసి, శిక్ష పడకుండా దర్జాగా తిరగడం. ‘గెట్ అరౌండ్ టు’ అంటే ఎప్పటినుంచో అనుకుంటున్నదానికి ఇన్నాళ్ళకు తీరిక చిక్కడం.

‘గెట్ బ్యాక్ టు’ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇంటర్వ్యూ ముగిశాక ‘వియ్ విల్ గెట్ బ్యాక్ టు యూ’ అంటారు. తిరిగి వస్తామని కాదు, తరవాత కబురు చేస్తామని. ఆ కబురు చాలాసార్లు రాదు. ఆ వాక్యం విని ఉద్యోగం ఖాయమని ఇంట్లో చెప్పుకోకండి, అలాగని పోయిందని కుంగిపోకండి. వారం చూసి మీరే ఒక మెయిల్ రాయండి.

బస్సుల దగ్గర మనది వేరే లోకం. దిగు అనడానికి మన కండక్టరూ ప్రయాణికుడూ ‘గెట్ డౌన్’ అంటారు. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది, కాబట్టి దాన్ని తప్పని కొట్టేయాలని నాకు లేదు. అమెరికాలో మాత్రం ‘గెట్ డౌన్!’ అని ఎవరైనా అరిస్తే తల వంచి నేలకు అంటుకోవాలి. అక్కడ బస్సు, రైలు, విమానం ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. కారు, ట్యాక్సీ ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’. లోపల నిలబడి నడవగలిగిన వాహనమైతే ‘ఆన్’, వంగి కూర్చోవాల్సినదైతే ‘ఇన్’ అని గుర్తుపెట్టుకోండి. సైకిలు, గుర్రం మీద కూర్చుంటాం కాబట్టి వాటికీ ‘ఆన్’.

ఇంకా రెండు అలవాట్లు మార్చుకుంటే మేలు. ఆలస్యమవుతోంది అని ‘ఐ యామ్ గెటింగ్ లేట్’ అంటాం. ‘ఇట్స్ గెటింగ్ లేట్’ అంటే పొద్దుపోతోందని. మీకు ఆలస్యమవుతుంటే ‘ఐ యామ్ రన్నింగ్ లేట్’ అనండి. అవతలివాళ్ళ మాట అర్థం కాకపోతే ‘ఐ యామ్ నాట్ గెటింగ్ యూ’ అనకుండా ‘సారీ, ఐ డిడ్‌న్ట్ గెట్ దట్’ అనండి. మర్యాదగానూ ఉంటుంది, మళ్ళీ చెప్పించుకోవడమూ సులువు.

వినేటప్పుడు మరో పేచీ. అమెరికన్ల నోట అచ్చుల మధ్య పడిన ‘ట’ మెత్తబడి ‘డ’కు దగ్గరవుతుంది. ‘గెట్ ఇట్’ మనకు ‘గెడిట్’లా, ‘గాట్ ఇట్’ ‘గాడిట్’లా చేరుతుంది. వాళ్ళు ‘గాట్‌న్’ అన్నా కంగారు పడకండి, అది ‘గాటెన్’. గెట్ అసలు వైకింగులు ఇంగ్లండుకు తెచ్చిన నార్స్ మాట. దానికి స్వదేశీ దాయాది ‘ఫర్‌గెట్’లో మిగిలింది. ‘ఫర్‌గాటెన్’ అన్నట్టే పూర్వం ఇంగ్లండులోనూ ‘గాటెన్’ అనేవారు, 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఆ రూపం ఉంది. తరవాత బ్రిటన్ చాలావరకు వదిలేసింది, అమెరికా ఉంచుకుంది. ఇప్పుడు అమెరికాలో ‘ఐ హావ్ గాట్ ఎ కార్’ అంటే నాకు కారుంది, ‘ఐ హావ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు సంపాదించాను. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే ఈ తేడా పట్టించుకోండి. లండన్‌లో ఉంటే గాటెన్ జోలికి పోనక్కర్లేదు.

ఎక్కడ వాడకూడదో కూడా తెలియాలి. ఉద్యోగ దరఖాస్తు, పరిశోధన పత్రం, న్యాయవాదికి రాసే ఉత్తరం: వీటిలో ‘రిసీవ్’, ‘అబ్టెయిన్’, ‘బికమ్’ అనే రాయండి. గెట్ రాస్తే మార్కులు కోసే మాస్టార్ల పట్టుదల అక్కడివరకు న్యాయమే. మాట్లాడేటప్పుడు కూడా దాన్ని నిషేధించడం వల్లనే మన పిల్లల నోట ఇంగ్లీషు బిగుసుకుపోయింది. ఇంకొకటి, గెట్‌తో ఆజ్ఞలు ముతకగా వినిపిస్తాయి. ‘గెట్ మీ ఎ కాఫీ’ అంటే తెచ్చిపెట్టు అని హుకుం. ‘కుడ్ యూ గెట్ మీ ఎ కాఫీ?’ అనండి.

ఇక మీ పని. ఈ రాత్రి ఇవాళ ఇంట్లో, ఆఫీసులో మీరు తెలుగులో అన్న మాటలు గుర్తు తెచ్చుకోండి. ‘వచ్చింది’, ‘దొరికింది’తో ముగిసినవి ఒక పేజీలో, ‘పోయాను’, ‘పోయింది’తో ముగిసినవి ఇంకో పేజీలో, ‘ఇంచాను’, ‘ఇంచుకున్నాను’ ఉన్నవి మూడో పేజీలో రాయండి. ఒక్కోదాన్నీ గెట్‌తో తిప్పి రాసి, పైకి చదవండి. కుదరనిదాన్ని కొట్టేయకుండా పక్కన గుర్తు పెట్టి, కోబిల్డ్‌లోనో ఆక్స్‌ఫర్డ్‌లోనో ఆ పొందిక ఉందేమో వెతకండి. ముందు మూడో పేజీతో మొదలుపెట్టండి, మనవాళ్ళు ఎక్కువగా తడబడేది అక్కడే. తోకల జాబితాలు అంగట్లో బోలెడు దొరుకుతాయి, కొనకండి. సినిమాలోనో మీటింగులోనో చెవిన పడిన తోకను మాత్రమే, అది వచ్చిన వాక్యంతో సహా, నాలుగో పేజీలో రాసుకుంటూ పోండి.